మిగిలిపోయిన పాటల ఆల్బమ్‌లు: ఈ ఐదింటిలో ముందు ఏది వినాలి?

ఒక పాత రాక్ బ్యాండ్ మనసుకు పట్టిందంటే ముందు అందరూ చెప్పే రెండు మూడు పెద్ద ఆల్బమ్‌లు వింటాం. తర్వాత మిగతావి ఒక్కొక్కటే పూర్తి చేస్తాం. అన్నీ అయ్యాక చివర్లో ఒకటి మిగులుతుంది. అందులో పాటలు ఒక కాలానివి కావు. ఎప్పుడెప్పుడో రికార్డు చేసి, అప్పటి ఆల్బమ్‌లో చోటు చాలకనో, నచ్చకనో, పూర్తి కాకనో పక్కన పెట్టేసినవి. ఏళ్ల తర్వాత ఎవరో ఆ టేపుల దుమ్ము దులిపి బయటికి తెచ్చారు.

వినాలా వద్దా అని రివ్యూలు చూస్తే తికమక ఇంకా పెరుగుతుంది. ఒకే ఆల్బమ్‌ని ఒకరు నెత్తిన పెట్టుకుంటారు, ఇంకొకరు అసలు బయటికే రావాల్సింది కాదంటారు. నేనూ చాలాకాలం ఆ తికమకలోనే ఉండి ఇలాంటి ఆల్బమ్‌ల జోలికి పోలేదు. తర్వాత ఆ రివ్యూలు తీరిగ్గా చదివితే ఒక సంగతి అర్థమైంది. పాటల మీద వాళ్ల మధ్య అంత తేడా లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. ఇది కొత్త ఆల్బమ్‌గా నిలబడుతుందా అని ఒకరు చూస్తారు. బ్యాండ్ చరిత్రలో ఇంతకాలం కనబడని పేజీ ఇందులో ఉందా అని ఇంకొకరు వెతుకుతారు. పోయిన మనిషికి ఇది తగిన వీడ్కోలేనా అని మరొకరు అడుగుతారు. మీకు కావాల్సింది ఈ మూడింటిలో ఏదో తేల్చుకుంటే, ఏ రివ్యూ మీకోసం రాసిందో, ఏ ఆల్బమ్ మీదో తెలిసిపోతుంది.

ఇక్కడ ఐదు ఆల్బమ్‌లు తీసుకున్నాను: రోలింగ్ స్టోన్స్ 'టాటూ యూ', ది హూ 'ఆడ్స్ అండ్ సాడ్స్', లెడ్ జెపెలిన్ 'కోడా', క్వీన్ 'మేడ్ ఇన్ హెవెన్', పింక్ ఫ్లాయిడ్ 'ది ఎండ్‌లెస్ రివర్'. అన్నీ అప్పటికే పేరు స్థిరపడిన బ్యాండ్‌లవి, అన్నీ పాత టేపుల నుంచి పుట్టినవి.

## ముందు చూడాల్సిన నాలుగు విషయాలు

పాటని ఎవరు పూర్తి చేశారు? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. టేపు ఎంత పాతదైనా ఫర్వాలేదు. దాని మీద తర్వాత కూర్చుని పని చేసినవాళ్లు ఉన్నారా, ఉన్నదున్నట్టు వదిలేశారా అన్నది చెవికి తెలిసిపోతుంది. చేపల పులుసు మర్నాటికి రుచి ఎక్కుతుంది. అలాగని ఉడకని ముక్క మర్నాటికి ఉడకదు.

ఎందుకు విడుదల చేశారు? టూర్ దగ్గరపడిందనా, కంపెనీకి ఒక ఆల్బమ్ బాకీ ఉందనా, దొంగ రికార్డులు మార్కెట్ నిండా ఉన్నాయనా, పోయిన మిత్రుడి కోసమా? కారణం గొప్పది కానంత మాత్రాన ఆల్బమ్ చెడ్డది కాదు. కానీ విమర్శకులు ముందు దీన్నే వాసన పడతారు. చాలా రివ్యూల్లో కోపం పాటల మీద కాదు, ఈ కారణం మీద.

అట్ట మీద నిజం చెప్పారా? ఏ పాట ఎప్పటిది, ఎవరు వాయించారు అన్నది రాశారా లేదా. మామూలుగా వినేవాళ్లకి ఇది చిన్న విషయమే. అభిమానికి చాలా పెద్దది.

ఆ బ్యాండ్‌తో మీకు ఎంత పరిచయం? కొన్ని ఆల్బమ్‌లు ఏమీ తెలియకుండా విన్నా ఆనందమే. కొన్నింటికి ముందు ఐదారు ఆల్బమ్‌లు విని ఉండాలి, లేకపోతే ఏడవడానికీ కారణం దొరకదు, మురిసిపోవడానికీ దొరకదు.

| ఆల్బమ్ | విడుదల | టేపులు ఎప్పటివి | విడుదలకు కారణం | విమర్శకుల మాట | నిడివి |
|---|---|---|---|---|---|
| టాటూ యూ | 1981 | 1972 నుంచి 1980 | అమెరికా టూర్ ముంచుకొచ్చింది | గట్టి మెప్పు | 44 నిమిషాలు |
| ఆడ్స్ అండ్ సాడ్స్ | 1974 | 1964 నుంచి 1972 | దొంగ రికార్డులకు విరుగుడు | ఆదరణ | 40 నిమిషాల లోపు |
| కోడా | 1982 | 1970 నుంచి 1978 | కంపెనీతో ఒప్పందం, దొంగ రికార్డులు | రెండు రకాలుగా | 33 నిమిషాలు |
| మేడ్ ఇన్ హెవెన్ | 1995 | 1980 నుంచి 1991 | ఫ్రెడ్డీ మెర్క్యురీకి వీడ్కోలు | పూర్తిగా చీలిపోయింది | సీడీలో 70 నిమిషాలు |
| ది ఎండ్‌లెస్ రివర్ | 2014 | ఎక్కువగా 1993 | రిక్ రైట్‌కి నివాళి | మిశ్రమం | 53 నిమిషాలు |

పట్టికలో ఒకటి గమనించండి. విమర్శకులు బాగా మెచ్చుకున్న రెండూ బ్యాండ్ మొత్తం బతికి ఉండగా, టూర్లు చేస్తూ ఉండగా వచ్చినవి. మిగిలిన మూడూ ఒక చావు తర్వాత వచ్చినవి. మనిషి పోయాక వచ్చిన ఆల్బమ్‌ని కేవలం పాటలుగా వినడం ఎవరికీ అంత తేలిక కాదు, విమర్శకులకైనా.

## టాటూ యూ: మిగిలినవని ఎవరికీ తెలియనంతగా

1981లో రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌కి సిద్ధమవుతోంది. టూర్‌కి కొత్త ఆల్బమ్ కావాలి. గాయకుడు మిక్ జాగర్, గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కలిసి కూర్చుని కొత్తగా రాసే పరిస్థితి లేదు. అప్పుడు వాళ్ల ఇంజినీర్ క్రిస్ కిమ్సీ పాత ఆల్బమ్‌ల టేపులన్నీ తవ్వడం మొదలుపెట్టాడు. 1972లో జమైకాలో చేసినవి, 1975లో కొత్త గిటారిస్టు కోసం వెతుకుతూ చేసినవి, 1978లో పారిస్‌లో చేసినవి. చాలావాటికి ట్యూన్ ఉంది, మాటలు లేవు. జాగర్ కూర్చుని మాటలు రాసి పాడాడు. బాబ్ క్లియర్‌మౌంటెన్ మిక్స్ చేశాడు. ఎనిమిదేళ్ల తేడాతో రికార్డయిన పాటలు ఒకే గదిలో, ఒకే వారంలో వాయించినట్టు వినబడేది ఆ మిక్స్ వల్లే.

'స్టార్ట్ మీ అప్' కథ మీకు తెలిసే ఉంటుంది. 1978లో దాన్ని రెగ్గే (జమైకా లయ) పాటగా పదేపదే ప్రయత్నించి, కుదరక వదిలేశారు. ఆ రెగ్గే టేకుల మధ్యలో ఎక్కడో రాక్ పద్ధతిలో వాయించింది ఉండిపోయింది. కిమ్సీ చేతికి దొరికింది అదే. అది అమెరికా చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది ఈ పాటని మొదట విన్నది బ్యాండ్ పేరు తెలియకుండానే. 1995లో మైక్రోసాఫ్ట్ విండోస్ 95 ప్రచారానికి వాడింది దీన్నే.

కానీ నన్ను పట్టేసింది ఆఖరి పాట, 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్'. దాని పునాది 1972 జమైకా టేపు. దాని మీద 1981లో జాజ్ దిగ్గజం సోనీ రోలిన్స్ శాక్సఫోన్ చేరింది. ఎక్కడ ఎలా వాయించాలో చెప్పమని రోలిన్స్ అడిగితే, జాగర్ స్టూడియోలో ఎదురుగా నిలబడి ఆ భాగాన్ని డాన్స్ చేసి చూపించాడట. జాగర్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట ఇది. ఇది తెలుసుకుని మళ్లీ వినండి. పాట చివర్లో ఆ శాక్సఫోన్ ఎవరి అడుగులనో చూస్తూ కదులుతున్నట్టే ఉంటుంది.

రోలింగ్ స్టోన్ పత్రికలో (పేరు ఒకటే గానీ బ్యాండ్‌ది కాదు) డెబ్రా రే కోహెన్ ఈ ఆల్బమ్‌ని బ్యాండ్ మళ్లీ లేచి నిలబడినట్టుగా స్వాగతించింది. అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. అట్ట మీద మాత్రం ఇవి పాత టేపులని ఎక్కడా లేదు. 1974లోనే బ్యాండ్ వదిలి వెళ్లిపోయిన మిక్ టేలర్ గిటార్ ఇందులో ఉంది, పేరు లేదు. సోనీ రోలిన్స్ పేరూ లేదు. పాటలు విని పరవశించిపోయే నాకు కూడా ఈ సంగతి గుచ్చుకుంటుంది. వాయించినవాడి పేరు రాయడానికి ఒక్క లైను చాలు కదా.

ఏదైనా, ఒక్క ఆల్బమే వినే టైముంటే ఇదే వినండి. మొదటి సగం హుషారు పాటలు, రెండో సగం నెమ్మది పాటలు. బ్యాండ్ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా ఇది పని చేస్తుంది. మిగతా నాలుగింటి గురించీ ఈ మాట అనలేను.

## ఆడ్స్ అండ్ సాడ్స్: లెక్క అప్పజెప్పినట్టు

1974లో ది హూ సభ్యులు 'టామీ' సినిమా పనుల్లో మునిగి ఉన్నారు. అదే పేరుతో అంతకుముందు వాళ్లే చేసిన కథా ఆల్బమ్‌కి అది సినిమా రూపం. అప్పటికే వాళ్ల విడుదల కాని పాటలు దొంగ రికార్డులుగా తిరుగుతున్నాయి. వాటికి విరుగుడుగా మన రికార్డు మనమే వేద్దామని బేస్ గిటారిస్టు జాన్ ఎంట్విసిల్ టేపులు ముందేసుకుని కూర్చున్నాడు. నిర్మాత జాన్ ఆల్కాక్ సాయపడ్డాడు. మొత్తం పదకొండు పాటలు తేలాయి.

ఈ ఐదింటిలో అట్ట మీద అన్నీ విప్పి చెప్పింది ఇదే. బ్యాండ్‌కి పాటలు రాసే గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఒక్కో పాటకీ అది ఎందుకు పుట్టింది, ఎందుకు ఆగిపోయింది అని నోట్సు రాసి ఇచ్చాడు. 'లిటిల్ బిల్లీ' అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ల పొగతాగుడు వ్యతిరేక ప్రచారం కోసం చేసిన పాట. 'ఐయామ్ ద ఫేస్' 1964లో, ఇంకా హై నంబర్స్ అనే పేరుతో ఉన్నప్పుడు చేసింది. 'గ్లో గర్ల్' చివర్లో ఆడపిల్ల పుట్టిందని చెప్పే ఒక లైను వస్తుంది. అదే లైను ఆడపిల్ల మగపిల్లాడిగా మారి 'టామీ' మొదట్లో వినబడుతుంది. అంత పెద్ద రచన ఏ చిన్న గింజ నుంచి మొలిచిందో ఇక్కడ చెవులారా వినొచ్చు.

'ప్యూర్ అండ్ ఈజీ' ఒక్కదాని కోసమైనా ఈ ఆల్బమ్ వినాలి. టౌన్‌షెండ్ 'లైఫ్‌హౌస్' అని ఒక పెద్ద పథకం వేసుకున్నాడు, అది కూలిపోయింది. దాని ముక్కలే 1971లో 'హూజ్ నెక్స్ట్' అయ్యాయి. ఆ పథకానికి గుండెకాయలాంటి ఈ పాట మాత్రం బయటే ఉండిపోయింది. 'హూజ్ నెక్స్ట్'లో 'ద సాంగ్ ఈజ్ ఓవర్' చివర్లో దీని తాలూకు ఒక లైను గాలిలో తేలి వస్తుంది. అది ఎక్కడిదా అని కొట్టుకుపోయినవాళ్లకి జవాబు ఇక్కడుంది.

ఇబ్బంది ఏమిటంటే ఇది ఆల్బమ్‌లా సాగదు. ఒక పాట ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లది, తర్వాతది ఆరితేరిన వాళ్లది. విమర్శకులు దీన్ని ఆదరించింది ఆ అతుకుల్ని దాచలేదు గనకే అని నా నమ్మకం. 'టామీ', 'హూజ్ నెక్స్ట్' విన్నాక రండి. ముందే వస్తే మంచి పాటలు కొన్ని దొరుకుతాయి, అంతే.

## కోడా: 1982లో సన్నగా, 2015లో నిండుగా

డ్రమ్మర్ జాన్ బోన్‌హమ్ 1980 సెప్టెంబర్ 25న చనిపోయాడు. ఆ డిసెంబర్‌లో లెడ్ జెపెలిన్ ఇక లేదని మిగతా ముగ్గురూ ప్రకటించారు. అట్లాంటిక్ కంపెనీకి ఇంకో ఆల్బమ్ ఇవ్వాల్సి ఉంది. గిటారిస్టు జిమ్మీ పేజ్ టేపుల నుంచి ఎనిమిది ఏరి, 1982 నవంబర్‌లో విడుదల చేశాడు.

మొత్తం 33 నిమిషాలు. పన్నెండేళ్లు రాజ్యమేలిన బ్యాండ్‌కి ఇంతేనా మిగిలింది అనిపిస్తుంది. విమర్శకులకీ అదే అనిపించింది. రోలింగ్ స్టోన్ పత్రికలో కర్ట్ లోడర్ మాత్రం దీన్ని ఘనమైన వీడ్కోలుగా మెచ్చుకున్నాడు. మిగతా చాలామంది అభిమానుల కోసం ఏరిన మిగులుగానే చూశారు.

ఎందుకింత సన్నగా ఉందో తెలిస్తే కోపం తగ్గుతుంది. 1975లో 'ఫిజికల్ గ్రాఫిటీ' డబుల్ ఆల్బమ్ చేసినప్పుడు పదిహేను పాటల్లో ఏడు అంతకుముందు సెషన్లలో మిగిలినవే. అంటే బంగారం లాంటి మిగుళ్లన్నీ ఏడేళ్ల ముందే వాడేశారు. ఆ ఆల్బమ్ ఈనాటికీ బ్యాండ్ గొప్ప పనుల్లో ఒకటిగా నిలిచింది, దాన్ని ఎవరూ మిగులు ఆల్బమ్ అనరు. 'కోడా'కి దక్కింది అడుగున ఉన్నది. (ఇంకో ముచ్చట: 'ఫిజికల్ గ్రాఫిటీ' అట్ట మీదున్న న్యూయార్క్ సెయింట్ మార్క్స్ ప్లేస్ భవనం ముందే స్టోన్స్ వాళ్లు 'వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్' వీడియో తీశారు.)

అట్ట మీద నిజం విషయానికొస్తే, మొదటి పాట 'వుయార్ గోనా గ్రూవ్' 1969 స్టూడియో రికార్డింగ్ అని రాశారు. నిజానికి అది 1970 జనవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీది. జనం చప్పుడు తీసేసి గిటార్ కలిపారు.

అలాగని తీసిపారేయకండి. 'వేరింగ్ అండ్ టేరింగ్' 1978లో స్టాక్‌హోమ్‌లో రికార్డు చేసింది. పంక్ అనే మొరటు, వేగపు రాక్ వాయించే కుర్రాళ్లు చెలరేగిపోతున్న రోజుల్లో, మేమూ ఇంత వేగంగా కొట్టగలమని బల్ల గుద్ది చెప్పినట్టు ఉంటుంది. 'బోన్జోస్ మాంట్రూ' అయితే నాలుగు నిమిషాలకి పైగా ఉత్త డ్రమ్సే. 1976లో స్విట్జర్లాండ్‌లో బోన్‌హమ్ వాయించిన దానికి పేజ్ ఎలక్ట్రానిక్ మెరుగులు దిద్దాడు. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు దీన్ని పెద్ద శబ్దంతో ఒకసారి వినాలి.

ఇప్పుడు అసలు విషయం. 2015లో పేజ్ 'కోడా'ని రెండు అదనపు డిస్కులతో మళ్లీ విడుదల చేశాడు. అందులో 1972లో బొంబాయిలో చేసిన రెండు రికార్డింగులు ఉన్నాయి. పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ అక్కడి వాద్యకారులతో కూర్చుని 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' పాటల్ని మన వాయిద్యాలతో ప్రయత్నించారు. నలభై ఏళ్లకు పైగా ఇవి దొంగ రికార్డుల్లోనే తిరిగాయి. 'ఫోర్ స్టిక్స్' ఐదు, ఆరు లెక్కల మధ్య నడిచే పాట. మొదట బోన్‌హమ్ చేతికి రెండేసి కర్రలు పట్టుకుని వాయించాడు గనక దానికి ఆ పేరు. ఖండ నడకలు విన్న మన చెవికి ఆ ఐదు కొత్త కాదు. బొంబాయి టేపులో ఆ లెక్క తబలా మీదికి వస్తుంది. అంతా నున్నగా కుదిరిందని చెప్పను, అక్కడక్కడా ఒకరికోసం ఒకరు ఆగుతున్నట్టు తెలుస్తుంది. నాకు ఆ తడబాటే ప్రాణం. ఒకరి భాష ఒకరికి రాని మనుషులు తాళం మీద మాట్లాడుకుంటున్న చప్పుడు అది.

కాబట్టి 'కోడా' వినేటప్పుడు 1982 రివ్యూలు మీకు పూర్తిగా వర్తించవు. వాళ్లు విన్నది ఎనిమిది పాటలు. మీ ముందున్నది మూడు డిస్కులు.

## మేడ్ ఇన్ హెవెన్: గొంతు ఆగిన చోట

ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991 నవంబర్ 24న పోయాడు. ఆ ఏడాది వేసవిలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో, క్వీన్ సొంత స్టూడియోలో, ఓపిక ఉన్న రోజుల్లో వచ్చి పాడి వెళ్లేవాడు. (బోన్‌హమ్ డ్రమ్స్ రికార్డయింది కూడా ఈ మౌంటెన్ స్టూడియోలోనే, క్వీన్ దాన్ని కొనడానికి మూడేళ్ల ముందు.) తను ఇక ఎన్నాళ్లో ఉండనని తెలిసి, ముందు నా గొంతు పట్టుకోండి, మిగతాది మీరు తర్వాత చూసుకుందురు అన్న పద్ధతిలో సాగిన పని అది. మిగతా ముగ్గురూ ఆ గొంతు చుట్టూ వాయిద్యాలు కట్టి 1995 నవంబర్‌లో ఆల్బమ్ తెచ్చారు.

'మదర్ లవ్' ఆయన ఆఖరిగా పాడిన పాట. ఒక్కో చరణం పాడుతూ వచ్చాడు. చివరి చరణం మిగిలింది. అలసిపోయాను, తర్వాత వచ్చి పూర్తి చేస్తానని వెళ్లాడు, మళ్లీ రాలేదు. గిటారిస్టు బ్రయాన్ మే చెప్పిన సంగతి ఇది. ఆ చరణం బ్రయానే పాడాడు. పాట వింటుంటే ఒక చోట గొంతు మారుతుంది. ఫ్రెడ్డీ అంతకుముందే పైస్థాయికి ఎగబాకి, ఒంట్లో లేని బలాన్ని గొంతులోకి తెచ్చుకుని ఉంటాడు. తర్వాత నెమ్మదిగా, జాగ్రత్తగా ఇంకో మనిషి అందుకుంటాడు. ఆ మార్పుని దాచడానికి బ్రయాన్ ఏమీ చేయలేదు. ఫ్రెడ్డీని అనుకరించలేదు. వెళ్లిన మనిషి కుర్చీలో కూర్చోకుండా పక్కన నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. నేను ఈ పాటని పని చేసుకుంటూ వినలేను.

విమర్శకులు రెండుగా చీలిపోయారు. బ్రిటన్ వారపత్రిక ఎన్ఎమ్ఈ దీన్ని అభిరుచి లేని పనిగా చీల్చి చెండాడింది. క్యూ పత్రిక మెచ్చుకుంది. వ్యతిరేకంగా రాసినవాళ్ల వాదనలో పస లేదని అనలేం. టైటిల్ పాట, 'ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ' రెండూ ఫ్రెడ్డీ 1985 సొంత ఆల్బమ్‌వి. 'హెవెన్ ఫర్ ఎవ్రీవన్' డ్రమ్మర్ రోజర్ టేలర్ తన వేరే బ్యాండ్ కోసం చేసింది. అంటే కొత్త పాటల కోసం వచ్చినవాళ్లకి సగం పాతవే. పైగా కొన్ని చోట్ల వాయిద్యాలు మరీ నున్నగా, మెరుస్తూ ఉంటాయి, 1991 గొంతులోని గరుకుకి అది సరిపోదు.

కానీ వీడ్కోలుగా వినేవాళ్లకి ఈ లెక్కలు అక్కర్లేదు. బ్రిటన్‌లో ఆల్బమ్ నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. 'టూ మచ్ లవ్ విల్ కిల్ యూ' తర్వాత బ్రిటన్‌లో పాటల రచయితలకిచ్చే ఐవర్ నోవెల్లో అవార్డు తెచ్చుకుంది. మహారాష్ట్ర పంచగనిలో బడికి వెళ్లిన పార్సీ కుర్రాడు ఫరూఖ్ బల్సారాయే ఈ ఫ్రెడ్డీ అని 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమాతో చాలామందికి తెలిసింది. ఆ సినిమా చూసి క్వీన్‌కి దగ్గరైనవాళ్లు నేరుగా ఇక్కడికి రావద్దని నా మాట. ముందు 1991లోనే వచ్చిన 'ఇన్యుయెండో' వినండి. ఆయన బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్ అది. ఆ తర్వాత ఇది వింటే ఏం పోయిందో తెలుస్తుంది.

## ది ఎండ్‌లెస్ రివర్: మాటలు తక్కువ

1993లో 'ది డివిజన్ బెల్' ఆల్బమ్ కోసం గిటారిస్టు, గాయకుడు డేవిడ్ గిల్మోర్, డ్రమ్మర్ నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిక్ రైట్ కూర్చుని గంటల కొద్దీ వాయించుకున్నారు. చాలా భాగం వాడలేదు. రైట్ 2008లో క్యాన్సర్‌తో పోయాడు. 2013లో గిల్మోర్, మేసన్ ఆ టేపులు మళ్లీ తీసి, కొత్తగా గిటారూ డ్రమ్సూ కలిపి 2014లో విడుదల చేశారు. ఎప్పుడో బ్యాండ్ వదిలి వెళ్లిన రోజర్ వాటర్స్ ఇందులో లేడు. గాత్రంతో ఉన్న పాట చివర్లో ఒక్కటే, 'లౌడర్ దాన్ వర్డ్స్', గిల్మోర్ భార్య పాలీ శాంసన్ రాసింది. ఒక చోట శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కంప్యూటర్ గొంతు వస్తుంది. మిగతాదంతా వాయిద్యాలే.

రివ్యూలన్నిటినీ కలిపి లెక్క చూపే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో దీని సగటు మిశ్రమం దగ్గరే ఆగింది. దిశ లేదు, పాత పింక్ ఫ్లాయిడ్ నీడలు తిరుగుతున్నాయి అన్నది ముఖ్యమైన ఫిర్యాదు. ఫిర్యాదు అబద్ధం కాదు. అయితే వాళ్లు దీన్ని ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త ఆల్బమ్‌గా తూచారు. ఆ తూకంలో ఇది తేలిపోతుంది. ఇది అసలు రిక్ రైట్ కోసం చేసింది. ఆయన ఎప్పుడూ ముందు వరసలో నిలబడని మనిషి. పాట కింద పరుపులా పరుచుకుని ఉండేవాడు. ఈ ఆల్బమ్‌లో పైనున్నవన్నీ తీసేసి ఆ పరుపునే చూపించారు. 'ఆటమ్ 68' అనే చిన్న ముక్కలో ఆయన 1969లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లోని పెద్ద పైప్ ఆర్గాన్ మీద వాయించిన టేపు వాడారు. నిమిషంన్నరకి కాస్త పైన, అంతే. విడుదల నాటికే నలభై ఐదేళ్ల పాతదైన ఆ గాలి హాలు నిండా లేచి, అంతలోనే తగ్గిపోతుంది.

రాత్రి దీపాలు ఆర్పి హెడ్‌ఫోన్స్‌లో వినేదిది. కారులో పెట్టుకుంటే విసుగొస్తుంది. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఒక్కటే విని ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు.

## మరి మీ చేతికి ఏది?

రాక్ సంగీతానికే కొత్తవాళ్లయితే ఆలోచించకండి, 'టాటూ యూ'.

పాట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకి, సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లకి 'ఆడ్స్ అండ్ సాడ్స్'. మంచి ట్యూన్ కూడా పదేళ్లు మూలన పడి ఉండొచ్చని అది ధైర్యం చెబుతుంది. గిటారో డ్రమ్సో నేర్చుకుంటుంటే 'కోడా', అదీ 2015దే. మన వాద్యాలతో పడమటి సంగీతం కలిసిన చోట్లు వెతుక్కునేవాళ్లకీ అదే.

ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు అడిగితే నేను 'మేడ్ ఇన్ హెవెన్' చేతిలో పెట్టను. అది చాలా సూటిగా తాకుతుంది. 'ది ఎండ్‌లెస్ రివర్' ఇస్తాను. అది ఏమీ అడగదు, పక్కన కూర్చుంటుంది. కొన్నాళ్లు గడిచాక, ఏడవాలనిపించినప్పుడు, 'మేడ్ ఇన్ హెవెన్' వినొచ్చు.

'టాటూ యూ'కీ 'మేడ్ ఇన్ హెవెన్'కీ మధ్య ఆగిపోయిన క్వీన్ అభిమానులు కూడా ఉంటారు. మనసు క్వీన్ వైపు లాగుతుంటే రివ్యూలు చూసి స్టోన్స్ వైపు వెళ్లకండి. ఇలాంటి ఆల్బమ్‌ల విషయంలో ఆ బ్యాండ్ మీద మీకున్న ఇష్టం సగం పని చేసి పెడుతుంది, ఆ సగాన్ని ఏ రివ్యూ ఇవ్వలేదు.

ఏ ఎడిషన్ అన్న ప్రశ్న ఒకటి ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లలో పెద్ద ఎడిషన్లే ముందు కనబడతాయి. 'టాటూ యూ'కి 2021లో తొమ్మిది అదనపు పాటలతో కొత్త ఎడిషన్ వచ్చింది. వాటిని రెండోసారికి దాచుకుని, మొదటి పదకొండూ అయిపోగానే ఆపండి. 'ఆడ్స్ అండ్ సాడ్స్' 1998లో 23 పాటలయింది, వరస కూడా మారింది. ఎంట్విసిల్ పెట్టిన అసలు వరస 'పోస్ట్‌కార్డ్'తో మొదలై 'లాంగ్ లివ్ రాక్'తో ముగుస్తుంది, ఒక ప్లేలిస్ట్ చేసుకుంటే సరిపోతుంది. 'మేడ్ ఇన్ హెవెన్' సీడీ చివర్లో పేరు లేని పదమూడో ట్రాక్ ఉంది, 22 నిమిషాలు. అందులో పాట లేదు, మేఘాల్లా కదిలే శబ్దాలు ఉంటాయి. చాలామంది అది రాగానే ఆపేస్తారు. మొదటిసారి మాత్రం ఆపకండి. 'మదర్ లవ్' విన్న గుండెకి ఆ 22 నిమిషాలూ కావాలి.